రెండు కత్తుల గీత

ఆరేళ్లుగా ఒక మాట లోపల మోస్తున్నాను. చెప్పకుండా ఉంటే కొన్నాళ్లకు అదే అరిగిపోతుందనుకున్నాను. అరగలేదు. కొట్లో బిందెలు తూచేటప్పుడు ఊరుకుంటుంది. ఇంట్లో తాలింపు పెట్టేటప్పుడు ఊరుకుంటుంది. ముక్కూ మొహం తెలియని మనిషెవరో ఫోన్లో నన్ను మెచ్చుకుంటూ రెండు ముక్కలు రాస్తే మాత్రం లేచి కూర్చుంటుంది. మెచ్చుకున్నప్పుడల్లా బరువు పెరగడమేమిటో. ఎవరైనా తిట్టి ఉంటే ఈపాటికి కొంత తేలికపడి ఉండేదాన్నేమో.

మీరెవరో నాకు తెలియదు. నా పేరు మీకు చెప్పను. అది పిరికితనమే, ముందు దాన్ని ఒప్పుకుంటాను. పుట్టింది శబరి ఒడ్డున కుంట అనే ఊళ్లో, నాన్న కిరాణా కొట్టు వెనకగదిలో. మెట్టింది జగదల్‌పూర్‌లో, ఇత్తడి కంచు సామాన్ల కొట్టున్న ఇంట్లో. ఒక గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి ఇంకో గల్లాపెట్టె దగ్గర కూర్చున్నాను. నా ప్రయాణమంతా అంతే.

చేసిన తప్పు చిన్న వాక్యంలో పడుతుంది. ఒక మనిషి చేతిపనిని నకిలీ అని తేల్చాను, అది నకిలీ కాదని తెలిసి. మిగతాదంతా నా తప్పును కొంచెం చిన్నదిగా చూపించుకోవడానికి నేను పడే పాట్లు అనుకోండి. అయినా వినండి. ఆ అబద్ధం మీద ఇవాళ చాలామంది నమ్మకం నిలబడి ఉంది.

బేరం సంగతి చెప్పకపోతే ఇది అర్థం కాదు. అక్షరాలకంటే ముందు నాన్న నాకు బేరం నేర్పాడు. వస్తువు నచ్చిందా, ముందు దాన్ని కింద పెట్టాలి. పక్కనున్న ఇంకోదాన్ని చూడాలి. తర్వాత, ఏదో గుర్తొచ్చినట్టు, మొదటిదాన్ని మళ్లీ తీసి వంక పెట్టాలి. ఆ వంక నమ్మేట్టుండాలి. దళసరి గిన్నెను బరువనాలి, పలచటి గిన్నెను సొట్టపడుతుందనాలి. అమ్మేవాడికి ఇదంతా తెలుసు. వాడు ఒట్టేస్తాడు, నవ్వుతాడు, నీ కళ్లు డాక్టరుకు చూపించుకో అంటాడు. అటూ ఇటూ నాలుగు మాటలయ్యాక వస్తువు చేతులు మారుతుంది. ఎవరి మనసూ నొచ్చుకోదు. అసలు నచ్చని వస్తువుకు ఎవరూ వంక పెట్టరు, చూడకుండా ముందుకు వెళ్లిపోతారు. మా లెక్కలో వంక పెట్టడం అంటే నీ సరుకు మీద నా కన్ను పడింది అని చెప్పడమే.

నాకిది ఎంత ఒంటబట్టిందంటే, పెళ్లిచూపుల్లో మా ఆయన్ని చూసి పొడుగు కాస్త తక్కువ కదూ అన్నాను, ఆయనకు వినబడేట్టుగా. నచ్చాడని మా అమ్మకు వెంటనే తెలిసిపోయింది. ఆయనకు తెలియడానికి నాలుగేళ్లు పట్టింది. మా అమ్మాయి క్లాసులో మొదటిదిగా వచ్చిందని కాగితం తెస్తే, సంతకం పెట్టేముందు చేతిరాత బాగోలేదన్నాను. అది ఏడ్చింది. అప్పుడైనా ఆగి ఆలోచించాల్సింది. సంతలో చెల్లే మాట సంత బయట చెల్లదని నాకు చెప్పిన మొదటి మనిషి ఆ పిల్లే. వినలేదు.

కొట్లో మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటాయి. అలాంటి మధ్యాహ్నాల్లో ఫోన్లో ఒక కళల గ్రూపులో చేరాను. పేరు చెప్పను. ఎవరు గీసింది వాళ్లు, ఎవరు చేసింది వాళ్లు ఫోటో తీసి పెట్టేవారు. మొదట్లో చాలా చిన్న గుంపు. గోడమీద ముగ్గులేసేవాళ్లు, మట్టి ఏనుగులు చేసేవాళ్లు, ఇనుప దీపాలు సాగగొట్టేవాళ్లు, ఊరికే చూసి బాగుందనేవాళ్లు. నడిపేది నాగపూర్‌లో ఉండే ఒక రిటైరైన డ్రాయింగు మాస్టారు. మంచి మనిషి. ప్రతి ఫోటో కిందా ఏదో ఒక మాట రాసేవాడు, చిన్నపిల్లల పుస్తకంలో టిక్కు పెట్టినట్టు.

గుంపు పెరిగేకొద్దీ కల్తీ వచ్చింది. సరుకు ఎక్కడుంటే అక్కడికి కల్తీ వస్తుంది, ఆ సంగతి మాకు ఎవరూ చెప్పక్కర్లేదు. మిషను మీద చెక్కిన బొమ్మలు బస్తర్ చేతిపని అని పెట్టేవారు. ఒకరి ఫోటో ఇంకొకరు తమదని పెట్టేవారు. అసలు ఎవరూ గియ్యని బొమ్మలు, కంప్యూటరు తనంతట తాను వండిపెట్టినవి, అవీ మొదలయ్యాయి. ఏది నిజమో తెలియక మంచివాళ్లు వెళ్లిపోతున్నారని మాస్టారు బాధపడేవాడు.

ఒకరోజు ఒకతను కంచు దీపపు సెమ్మె అని ఫోటో పెట్టాడు. అడుగున పెచ్చు లేచిన చోట నాకు ఇనుము కనబడింది. పైన పూత. రాశాను. అతను కాసేపు వాదించి, ఫోటో తీసేసి మాయమయ్యాడు. దాంతో నాకు పేరొచ్చింది. మాస్టారు నన్నూ ఇంకో నలుగురినీ పరిశీలకులు చేశాడు. మా పేర్ల పక్కన చిన్న పచ్చని ఆకు గుర్తు పెట్టాడు. మేము చూసి సరే అంటే ఆ పనికీ ఆకు పడుతుంది. ఆకు పడితే జనం నమ్ముతారు.

నిజం చెప్పాలంటే ఆ ఆకు నాకు చాలా ఇష్టం. ఇంట్లో నేను గిన్నెల కోడల్ని. కొట్లో, మా మామగారున్నంతవరకు, చిల్లర లేదని చెప్పే మనిషిని. గీత గీయడం రాదు, ముగ్గు కూడా వంకరే. అలాంటిదాన్ని ఎక్కడో పూణేలో, భోపాల్‌లో ఉన్నవాళ్లు దీదీ, ఇది చూసి చెప్పండి అని అడుగుతుంటే ఎలా ఉంటుందో మీరే ఆలోచించండి. పొద్దున్నే లేచి ముందు ఆ ఆకు ఉందో లేదో చూసుకునేదాన్ని. రాలిపోతుందా ఏమిటి? అయినా చూసుకునేదాన్ని.

అప్పుడు ముత్తక్క పని వచ్చింది.

ఆమెది దోర్నపాల్ దగ్గర అడవి లోపలి ఊరు. దోర్ల తెగ మనిషి. సొరబుర్రల మీద కాల్చిన కత్తితో బొమ్మలు గీస్తుంది. ఎండిన బుర్ర తీసుకుని, చిన్న కత్తిని నిప్పుల్లో ఎర్రగా కాల్చి, దాని అంచుతో చర్మం మీద గీత లాగుతారు. లాగినచోట కాలి నల్లబడుతుంది. ఆమెకు చదువు లేదు. ఆమె అన్న కూతురు సుక్మాలో చదువుకుంటూ, మేనత్త పనిని ఫోన్లో పెట్టేది.

ఆ రోజు పెట్టింది ఒక పొడుగుమెడ బుర్ర. దాని చుట్టూ చేపలు. ఒకదాని తోకను ఇంకోదాని నోరు తాకుతూ, మెడ నుంచి అడుగుదాకా చుట్లు చుట్లుగా తిరుగుతున్నాయి. ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో తెలియదు. శబరిలో నీళ్లు తగ్గినప్పుడు చిన్న చేపలు అలాగే ఒకదాని వెనక ఒకటి పోతాయి, చిన్నప్పుడు చూశాను. గీత మొదటినుంచి చివరిదాకా ఒకే రంగు, ముదురు పాకం రంగు. ఎక్కడా పలచబడలేదు. కొట్టుకు వచ్చిన సరుకు ఎంతో చూశాను గాని, అమ్మడానికి కాకుండా నా దగ్గర ఉంచుకోవడానికి ఒక వస్తువు కావాలనిపించడం అదే మొదలు.

కావాలనిపించింది కనక వంక పెట్టాను.

ఫోటో కింద హిందీలో రాశాను. కత్తి గీస్తూ గీస్తూ చల్లారుతుంది, చల్లారితే గీత పలచబడాలి, ఇది అంతా ఒకే నలుపుగా ఉంది, కరెంటు పెన్ను పనిలా ఉందే అని. నాకు ఆ వంక ఎలా దొరికిందో చెప్పనా? ఆ గీతలోని గొప్పతనం అదే కనక. ఫోటోను పెద్దది చేసి చూశాను. ప్రతి చేప మొప్ప దగ్గరా ఒక సన్నని చుక్క ఉంది, కత్తి ఎత్తి మళ్లీ దించిన చుక్క. కరెంటు పెన్నుకు ఎత్తే పని లేదు. ఇది కత్తి పనేనని, అదీ మామూలు చెయ్యి కాదని, ఆ చుక్క చూడగానే తెలిసింది. తెలిసే వంక పెట్టాను. ఇక ఆ పిల్ల జవాబు రాస్తుంది, మా ఊళ్లో కరెంటెక్కడిది దీదీ అంటుంది, నేను సరేలే ఎంతకిస్తావు అంటాను. అలా జరగాలి. సంతలో అలాగే జరుగుతుంది.

పిల్ల జవాబు రాయలేదు. హాస్టల్లో ఫోన్ తీసేసుకున్నారట, తర్వాత తెలిసింది. నా మాట కింద ఖాళీ. ఆ ఖాళీలోకి జనం వచ్చారు. నా పేరు పక్కన ఆకు ఉంది కదా. నేను కరెంటు పెన్ను పనిలా ఉంది అన్నాను, వాళ్లు కరెంటు పెన్ను పనే అని చదువుకున్నారు. ఒకాయన ఫోటో మీద ఎర్రటి సున్నాలు చుట్టి, ఇక్కడ చూడండి, ఇక్కడ చూడండి అని పెట్టాడు. ఇంకొకామె గిరిజనుల పేరు చెప్పుకుని మోసం చేస్తున్నారని రాసింది. సాయంత్రానికి ఆ పేజీ అంతా తిట్లు. నేను కొట్లో కూర్చుని చూస్తూనే ఉన్నాను. ఒక్క వాక్యం రాస్తే ఆగిపోయేది. ఊరికే బేరానికి అన్నానండీ అని. ఎలా రాస్తాను? పరిశీలకురాలు పేదవాళ్ల సరుకును తక్కువ చేసి కొంటుంది అని తెలిసిపోదూ?

ఇక్కడిదాకా జరిగింది పొరపాటు. నేను నన్ను క్షమించుకోగలిగింది కూడా ఇక్కడిదాకానే.

మూడోరోజు మాస్టారు ఒక వీడియో పంపాడు. ఆ పిల్ల ఊరికెళ్లి తీసి పంపిందట. మీరు చూసి చెప్పండి, మీరు ఏమంటే అది చేస్తాను అన్నాడు. మధ్యాహ్నం, కొట్లో ఎవరూ లేరు. చూశాను.

ముత్తక్క పొయ్యి ముందు గొంతుక్కూర్చుని ఉంది. బుర్ర ఒళ్లో ఉంది. కుడిచేతి బొటనవేలి కింద పాత కాలిన మచ్చ. నిప్పుల్లో ఒక కత్తి, చేతిలో ఒక కత్తి. గీత లాగుతోంది. ఇక పలచబడుతుందనగా కత్తి ఎత్తింది. కళ్లు గీతమీదే ఉన్నాయి, చెయ్యి మాత్రం పొయ్యి దగ్గరికెళ్లి, చల్లారినదాన్ని అక్కడ పెట్టి, కాలినదాన్ని తీసుకుని, ఆపిన చోటే, వెంట్రుకవాసి తేడా లేకుండా దించింది. మళ్లీ లాగింది. అందుకే గీత ఒకే రంగు. అందుకే చుక్క. రెండు కత్తులు. ఇంత చిన్న ఉపాయం. ఇంత చిన్న ఉపాయాన్ని ఆ చేతికి పట్టించడానికి ఆమెకు ఎన్నేళ్లు పట్టిందో నాకు తెలియదు.

వీడియో రెండోసారి చూశాను. తప్పు ఒప్పుకోవడానికి కాదు. సందు కోసం చూశాను. దొరికింది. వీడియోలో ఆమె గీస్తున్న బుర్ర పొట్టిది, దాని మీద నెమళ్లు. చేపల బుర్ర అప్పటికే పూర్తయిపోయింది కదా, దాన్ని మళ్లీ గీసి ఎలా చూపిస్తుంది?

మాస్టారుకి రాశాను. వీడియోలో ఉన్నది ఆ బుర్ర కాదు.

చూడండి ఆ వాక్యాన్ని. ఒక్క అబద్ధం లేదు అందులో. ఎవరైనా నిలదీస్తే ప్రమాణం చేసి చెప్పొచ్చు. నా జీవితంలో నేను చెప్పిన అన్ని అబద్ధాలకంటే పెద్దది ఆ నిజం. అయితే ఏం చెయ్యమంటారు అని ఆయన అడిగితే, నిర్ణయం మీది అన్నాను. పాపం పంచుకోవడానికి ఒక మంచి మనిషిని వెతుక్కున్నాను.

ముత్తక్క పేజీ తీసేశారు. నకిలీ పనులకు ఇక్కడ చోటు లేదని మాస్టారు ఒక ప్రకటన పెట్టాడు. దానికి వచ్చినన్ని మెచ్చుకోళ్లు అంతకుముందు దేనికీ రాలేదు. ఈ గ్రూపులో మోసం దాగదు అన్న పేరు వచ్చింది. కొత్తవాళ్లు వరసగా చేరారు. చేతిపనిని ఎలా గుర్తుపట్టాలో మీరే ఒక పాఠంలా రాయండి అని మాస్టారు అడిగితే రాశాను. గీత అక్కడక్కడా పలచబడాలి, చెదరాలి, చెయ్యి అలసినట్టు కనబడాలి, మరీ సాఫుగా ఉంటే అనుమానించాలి అని రాశాను. దాన్ని ఎంతమంది ఎక్కడెక్కడికి పంపుకున్నారో లెక్కలేదు. ఇప్పటికీ కొత్తవాళ్లకు ముందు అదే చూపిస్తారు. మా గుంపు అలా పెరిగింది. మీరు అడిగి ఉంటారు, నమ్మకం ఎలా సంపాదించారని. అలా సంపాదించాం.

ఇంకొకటి ఉంది. చెప్పకుండా దాటేద్దామని ఇంతసేపూ చూశాను.

నెల తిరక్కుండా ఆ బుర్ర నేనే కొన్నాను. నా పేరుతో కాదు, మా ఆయన ఫోన్ నుంచి, ఆయన పేరుతో. ఆ పిల్ల నంబరుకు, మా ఇంట్లో ఆడవాళ్లకు మీ చేపల బుర్ర నచ్చింది, ఎంతకిస్తారు అని రాశాను. మీ ఇష్టం సార్ అని జవాబు వచ్చింది. నలభయ్యేళ్ల బేరాల్లో ఆ మాట నాతో ఎవరూ అనలేదు. ఎంతిచ్చానో రాయను, తక్కువ ఇచ్చానంటే చాలు. బుర్ర కుంట బస్సులో వచ్చింది. పాత చీరముక్కలో చుట్టి, మధ్యలో టేకాకులు పెట్టి, దారిలో పగలకుండా ఎంతో జాగ్రత్తగా కట్టి పంపారు. నకిలీ అని ఊరంతా అన్న వస్తువును. దాన్ని బీరువాలో పెట్టాను. బయట పెడితే ఎవరైనా ఫోటో తీస్తారని భయం. అంతగా కావాలనుకున్న వస్తువును ఈ ఆరేళ్లలో నాలుగుసార్లు చూసి ఉంటాను.

రెండేళ్ల తర్వాత పుట్టింటికి వెళ్తుంటే దోర్నపాల్‌లో సంత. మా ఆయన టీ తాగుతానని కారు ఆపాడు. నేను లోపలికి నడిచాను. వెతకడానికి వెళ్లానా, ఊరికే వెళ్లానా? ఇప్పటికీ నాకు నేను సరిగా చెప్పుకోలేదు. చింతపండు కుప్పలు దాటాక ఒకామె ముందు సొరబుర్రలు పరిచి ఉన్నాయి. ముఖం కంటే ముందు బొటనవేలి కింద మచ్చ గుర్తుపట్టాను. కూర్చున్నాను. ఒక బుర్ర తీశాను. చేపలే. కాని గీత ఒకచోట నల్లగా, ఒకచోట పలచగా, ఒకచోట అలికినట్టుగా ఉంది. తోకలు నోళ్లను తాకడంలేదు.

నోరు తనంతట తాను కదిలింది. నిజమే చెబుతున్నాను, ఆ క్షణంలో కూడా అలవాటే మాట్లాడింది.

"ఏందక్కా, గీత ఇట్ల అతుకులతుకులుగ ఉంది. చెయ్యి వణికిందా?"

ఆమె తిట్టాలి, నవ్వాలి. నీ కళ్లకేమైంది అనాలి. ఆమె బుర్రను నా చేతిలోంచి తీసుకుని చూసింది.

"అవునమ్మ, మంచిగ లేదు. వణకలేదు గాని, నేనే ఆపి ఆపి గీసిన."

"ఎందుకట్ల?"

"సాపుగ గీస్తే మిషిని పనంటున్నరు. ఫోన్ల సదువుకున్నోళ్లు రాసిన్రంట. గీత చెడిపోతెనే చేతిపనంట. మా అన్న బిడ్డ సదివి చెప్పింది."

"మరి రెండు కత్తులు?" అన్నాను.

ఆమె నా మొహంలోకి చూసింది. "రెండు కత్తుల సంగతి నీకెట్ల ఎరుక?"

"ఎవరో చెప్పిన్రు."

"ఒకటి తీసి దాసిన. ఇప్పుడొకటే కాలుస్తున్న. సల్లారేదాక లాగితె అదే పలచబడ్తది. వాళ్లకు గట్లనే కావాలె." బుర్రను తిప్పి నేలమీద పెట్టింది. "మొదట్ల చెయ్యి ఒప్పుకోలె. గీత పలచబడంగనే పొయ్యి దిక్కు పోయేది. కొట్టి ఆపుకున్న. ఇప్పుడు అలవాటైంది."

పాతవి ఏమైనా ఉన్నాయా అని అడిగాను, సాఫుగా గీసినవి. ఎందుకడిగానో తెలియదు. ఒకటైనా మిగిలి ఉంటే చాలనుకున్నానేమో.

"లేవమ్మ. ఆఖరుది ఒక జగదల్‌పూరామె తీస్కుంది. అందరు దొంగపనన్నంక తీస్కుంది, సూడు. మొగనితోటి రాపిచ్చి తెప్పిచ్చుకుందంట. నాకు ఏడుపొచ్చింది. ఆమెను నేను సూడలే. ఆ తల్లి సల్లగుండాలె."

చేతులు జోడించలేదు, కళ్లు మూసుకోలేదు. పక్కింటి మనిషి గురించి చెప్పినట్టు చెప్పి, బుర్రలు సర్దుకుంది.

చెదిరిన చేపల బుర్ర తీసుకుని, ఆమె అడిగినంతా ఇచ్చాను. ఏందమ్మ, బేరమాడవా, అని ఆమె వింతగా చూసింది. అనుమానంగా కూడా చూసిందనుకుంటాను. బేరమాడని మనిషిని సంతలో ఎవరు నమ్ముతారు? నేనేనని చెప్పడానికి నోరు తెరిచాను. అప్పుడే ఎవరో నీళ్ల బుర్ర కావాలని వచ్చారు. ఆమె అటు తిరిగింది. నేను లేచాను. ఎవరూ రాకపోయినా లేచేదాన్నే. ఆ కొనుగోలుదారును నెపంగా వాడుకున్నానంతే.

తర్వాత నాలుగేళ్లు నోరు మూసుకున్నాను. కారణాలు చాలా చెప్పుకున్నాను. ఇప్పుడు చెబితే గ్రూపులో ఉన్న నిజమైన పనివాళ్లందరి మీదా అనుమానం వస్తుందని. మాస్టారు పెద్దవాడైపోయాడు, తట్టుకోలేడని. ముత్తక్క ఎలాగూ ఏదో ఒకటి అమ్ముకుంటూనే ఉందని. ఒక్కొక్క కారణాన్నీ తీసి చూస్తే అన్నిటి వెనకా ఆ పచ్చని ఆకే కనబడేది.

మొన్నామధ్య ఒకాయన సొరబుర్రలు పెట్టాడు. గీతలు అందంగా చెదిరి ఉన్నాయి. ఆకు వేశాను. మళ్లీ పెట్టాడు, మళ్లీ వేశాను. పది ఫోటోలయ్యాక ఒకసారి పక్కపక్కన పెట్టి చూస్తే, పదింటిలోనూ గీత చెదిరింది ఒకే చోట. మూడో చేప తోక దగ్గర. చెదరడాన్ని కూడా అచ్చు పోశాడు. నా పాఠం చదివే నేర్చుకుని ఉంటాడు. అదీ నేను సాధించింది. మిషనుకు చేతిలా నటించడం నేర్పాను. చేతికి చేతిలా నటించడం నేర్పాను. మొదటిదాని కంటే రెండోది ఎంత పాపమో ఆ రోజు కొట్లో కూర్చుని చాలాసేపు అనుకున్నాను.

ఆ వారమే మాస్టారు ఉత్తరంలాంటి పెద్ద సందేశం పంపాడు. గ్రూపు మొదలుపెట్టిన రోజు వస్తోంది, అందరం తలో జ్ఞాపకం రాస్తున్నాం, మీరు ఆ సొరబుర్ర సంగతి రాయండి, మన మీద నమ్మకం కుదిరింది దానితోనే కదా అని. సరే అన్నాను. రాయడానికి కూర్చున్నాను. మొదటి వాక్యం దగ్గరే చెయ్యి ఆగిపోయింది. ఆయన అడిగింది రాయలేక ఇది రాశాను.

ఇక్కడిదాకా ముందు తెలుగులో రాశాను. ఎందుకో గమనించారా? ఆ గుంపులో తెలుగు చదివేవాళ్లు దాదాపు లేరు. ఒప్పుకోలు కూడా తక్కువలో తెమిల్చుకోవాలని చూశానన్నమాట. నా బుద్ధి నాకు తెలుసు కనక ఇవాళ పొద్దున దాన్ని హిందీలోకి కుదించి గ్రూపులో పెట్టాను. మొదట చాలా పెద్దదిగా వచ్చింది. మా నాన్న నేర్పిన పద్ధతి, అప్పట్లో ఇంట్లో నా స్థితి, జవాబు రాయని పిల్ల, ఎర్ర సున్నాలు చుట్టిన పెద్దమనిషి, అందరూ వచ్చి కూర్చున్నారు అందులో. ఒక్కొక్కరినే లేపి పంపించేశాను. చివరికి మిగిలినవి ఇవి. ఆ చేపల బుర్ర ముత్తక్క కాల్చిన కత్తితో చేసిందే. ఆ సంగతి నాకు ఫోటో చూసినప్పుడే తెలుసు, వీడియో చూసినప్పుడు ఇంకా బాగా తెలుసు. తెలిసి మాస్టారును తప్పుదారి పట్టించాను. తర్వాత దాన్ని నేనే చవగ్గా కొన్నాను. నేను రాసిన పాఠం తప్పు, తీసేయండి. నా పేరు పక్కన గుర్తు తీసేయండి.

బీరువాలోంచి బుర్ర తీసి, కిటికీ దగ్గర పెట్టి, చుక్కలు కనబడేట్టు దగ్గరగా ఫోటో తీసి కింద జతచేశాను. దాని పక్కన దోర్నపాల్‌లో కొన్నదాన్నీ పెట్టాను. ఒకే చెయ్యి చేసిన రెండు పనులు. మాటలకంటే అవే ఎక్కువ చెప్పాయనుకుంటాను.

జవాబులు వస్తున్నాయి. కొందరు తిడుతున్నారు, అది న్యాయం. కొందరు ఎంత ధైర్యం దీదీ, ఇలాంటివాళ్లుండబట్టే ఈ గ్రూపు మీద నమ్మకం అంటున్నారు. వాళ్ల మాటలు చదవడం మానేశాను, నన్ను నేను ఎరుగుదును, ఇంకో నాలుగు చదివితే ఛాతీ పొంగుతుంది. మాస్టారు ఇంతవరకు ఏమీ రాయలేదు. చూసినట్టు మాత్రం కనబడుతోంది. సుక్మా పిల్ల కూడా చూసింది. మేనత్తకు తాను చెప్పనని, వచ్చి మీరే చెప్పండని ఒక్క వాక్యం రాసింది. సార్ అని గాని దీదీ అని గాని లేదు అందులో.

వెళ్తాను. వచ్చే సంతకు దోర్నపాల్ వెళ్తాను, ఈసారి ఊరికే నడిచినట్టు కాకుండా. క్షమించమని అడగను. అడిగితే ఆమె ఎంత తగ్గుతుందో, నేను ఎంత పెరగాలో అని నా బుర్ర అప్పుడే లెక్క మొదలుపెడుతుంది. రెండో కత్తి మళ్లీ బయటికి తియ్యమని కూడా అడగను. నాలుగేళ్లకు ముందే కొట్టి ఆపుకున్న చెయ్యి ఇప్పుడు నా మాట మీద మళ్లీ సాగుతుందని నేనెలా అనుకోవాలి? అక్కా, ఆ జగదల్‌పూరామెను నేనే, ఆ మాట రాసిందీ నేనే, అని చెప్తాను. నన్ను సల్లగుండమన్నావు, అది నాకు చెందదు, వెనక్కి తీసుకో అని చెప్తాను. తీసుకుంటుంది. తీసుకోవాలి.

ఆమె ఏమంటుందో ఎంత ఆలోచించినా అందడంలేదు. అవతలి మనిషి ఏమంటుందో తెలియకుండా నేను ఏ మాటా ఎత్తలేదు ఇంతవరకు. భయంగానే ఉంది. కాని రాయడం ముగించి ఇందాక కొట్లోకి వచ్చి కూర్చుంటే, ఆరేళ్ల తర్వాత, లోపల ఏదీ లేచి కూర్చోలేదు.